విశ్వేశ్వరయ్యగారు - మూసీ కొలతలు

మోక్షగుండము వారి పూర్వుల గ్రామము. వంశము మైసూరు దేశమునకు తరలిపోయినను ఇంటిపేరు తెలుగుగడ్డను విడువలేదు. ముద్దేనహళ్లిలో సంస్కృత పండితుని కుమారుడై జన్మించి, బాల్యముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు బెంగుళూరులో పట్టభద్రులైన విశ్వేశ్వరయ్యగారు పూనాలో ఇంజనీరింగు ముగించి 1884లో బొంబాయి మరామతు శాఖలో ప్రవేశించిరి. ఖడక్వాస్లా జలాశయమునకు నీటి ఒత్తిడికి తమంతతామే తెరచుకొను తలుపులను కల్పించి ప్రసిద్ధులైరి. ఉద్యోగము విరమించి విదేశ యాత్రలో నుండగా నైజాము ప్రభుత్వమునుండి వారికి పిలుపు వచ్చెను.

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదుపై విరుచుకొనిపడి వేలకొలది ప్రాణములను బలిగొనెను. 1909 ఏప్రిలులో నగరము చేరిన విశ్వేశ్వరయ్యగారు వెంటనే పటములు గీయుటకు పూనుకొనలేదు. ఎక్కడెక్కడ ఎంత వాన కురిసెనో, నీరు ఏ గోడపై ఎంతవరకు లేచెనో, ఎగువను ఏ చెరువు తెగెనో లెక్క తీయించిరి. ఆ లెక్కలలోనే అసలు రహస్యము బయల్పడెను. నగరమునకు ఎగువనున్న సుమారు 860 చదరపు మైళ్ల పరివాహక ప్రదేశములో 788 చెరువులుండగా, అందు 221 చెరువులు తెగినవి. ఒక దినముననే 12 అంగుళములకు మించి కురిసిన చోటులు కలవు. పై చెరువు తెగి క్రింది చెరువును తెంపగా, ఆ జలమంతయు ఏకమై సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల ప్రవాహమై నగరమును ముంచెను. రోగము నగరములోనిదైనను దాని మూలము ఊరి వెలుపల పొలములలో నున్నదని తేలినపిమ్మట, నదీతీరమున గోడలు పెంచినంతమాత్రమున చాలదని వేరుగ వాదింపవలసిన పని లేకపోయెను. మూసీ మీదను ఈసీ మీదను రెండు జలాశయములు కట్టవలెననియు, తీరములను ఉద్యానములుగ తీర్పవలెననియు, నగరమంతటికి మురుగు కాలువలు త్రవ్వవలెననియు అదే సంవత్సరము అక్టోబరులో నివేదిక సమర్పించిరి. ఇంతటి పనికి పట్టినది అర్ధసంవత్సరమే! 1912లో నగరాభివృద్ధి సంఘమేర్పడెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. ఆ జలాశయములే నగరమునకు త్రాగునీరును ఇచ్చినవి. మురుగు కాలువల పని మాత్రము వెనుకబడగా 1920 తరువాత వారిని మరల రప్పించుకొనవలసివచ్చెను. కంటికి కనబడు కట్టడములకు దొరకు ధనము భూమిలోపలి గొట్టములకు దొరకకుండుట అన్ని ప్రభుత్వములకును సహజమే కాబోలు.

తరువాత మైసూరు దివానుగిరి, 1955లో భారతరత్నము, 1962 ఏప్రిలులో నూరేండ్ల ప్రాయమున నిర్యాణము లోకవిదితములు.

బందరు వారికి ఈ చరిత్ర పరాయిది కాదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది నశించిరి. 1977 నవంబరు 19న దివిసీమ శ్మశానమాయెను. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి బెజవాడలో సింగ్‌నగర్ మొదలగు పేటలు మునిగినవి. అచ్చటను మూలము ఊరి వెలుపలనే యున్నది. 2023లో మంగినపూడి చెంత ఓడరేవు పనులు ఆరంభమైనవి. రేవు వెంట జనము వచ్చును. పొలములు ఇండ్ల స్థలములగును. ఏ మురుగు కాలువ ఏ మట్టమున సముద్రమున కలియుచున్నదో, పోటువేళ నీరెంతసేపు నిలిచిపోవుచున్నదో, 1977లో ఏ గ్రామమున ఉప్పెన ఎంత ఎత్తు లేచెనో కొలిపించి ప్రజలముందుంచిన పిదపనే వీథులకు గీతలు గీయవలయును.

పల్లపు భూమియని కాగితముపై కెక్కినచో ధర పడిపోవునని భూవసతి గల పెద్దలు శంకింపవచ్చును. ఆ శంక నిరాధారము గాదు. ఆ నష్టములో ప్రభుత్వము పాలుపంచుకొనుట న్యాయము. కాని ఆ భూమినే ఇంటిస్థలమని నమ్మి కొనువాడును మన ఊరివాడే. హైదరాబాదున ఆనాడు కొలతలకును నివేదికకును కలిపి ఒక వేసవియు ఒక వానకాలమును చాలినవి. మన రేవు పని అంతకు మించిన కాలముగా సాగుచున్నది.