ప్రజాధికార పత్రకర్త విలియం లవెట్

శాసనసభ ఎన్నికలు ఏ రీతిని జరుగవలెనో నిర్ణయించుట ఆ సభలో కూర్చుండువారి పనియేయని పూర్వము పలువురు తలంచుచుండిరి. ఓటు లేని సామాన్యునకు సైతము ఆ విషయమున మాటాడు హక్కు కలదని నిరూపించిన మహనీయులలో విలియం లవెట్ ఒకరు.

ఆయన 1800 సంవత్సరమున ఇంగ్లండునందలి కార్న్‌వాల్ తీరమున న్యూలిన్ అను పల్లెలో జన్మించెను. నావికుడైన తండ్రి, బిడ్డ పుట్టకముందే సముద్రమున మునిగి మరణించెను. బాల్యమున త్రాళ్లు పేను పని నేర్చిన లవెట్ 1821లో లండను చేరి, కొయ్యసామానులు చేయు వడ్రంగియై జీవించెను. పగలెల్ల పనిచేసి రాత్రులు చదువుకొనెను.

1832 నాటి సంస్కరణ చట్టము మధ్యతరగతివారికి ఓటు నొసగెను. దానికై ఆందోళన సలిపిన కార్మికులకు మాత్రము ఏమియు దక్కలేదు. 1836లో లవెట్ మిత్రులతో కూడి లండను కార్మిక సంఘమును స్థాపించి, దాని కార్యదర్శి యయ్యెను. 1838లో ఆ సంఘము ప్రజాధికార పత్రమును ప్రకటించెను. వయోజన పురుషులందరికి ఓటు, రహస్య బ్యాలెట్టు, సభ్యులకు ఆస్తి నియమము తొలగింపు, జీతము, సమాన నియోజకవర్గములు, ఏటేట ఎన్నికలు అను ఆరు కోరికలందుండెను. ముసాయిదాను ఇతర పట్టణములందలి సంఘములకు బంపి వారి సూచనలను గోరుట లవెట్ మార్గము. స్త్రీలకును ఓటుండవలెనని ఆయన తలంచెను. కాని కార్యము వెనుకబడునని సహచరులు జంకుటచే ఆ మాట విడువబడెను.

1839లో దాదాపు 12,80,000 సంతకములతో మహజరు పార్లమెంటును జేరెను. దానిని పరిశీలింపవలెనన్నవారు 46 మంది, వలదన్నవారు 235 మంది. అప్పటికే లవెట్ నిర్బంధమునందుండెను. బర్మింగ్‌హాములో గుమిగూడిన జనులపై పోలీసుల దౌర్జన్యమును గర్హించు తీర్మానమున సంతకము చేయుటయే ఆయన నేరము. ఏడాది శిక్ష పడెను. మంచి నడవడికి పూచీకత్తు వ్రాసియిచ్చినచో ముందుగనే విడుతుమనగా, తాను తప్పు చేసినట్లు ఒప్పుకొనుట యగునని నిరాకరించెను.

చెరనుండి వెలువడిన పిదప, బెదిరింపువలన గాక విద్యవలననే ప్రజలు హక్కులకు అర్హత నిలుపుకొందురని నమ్మి, ఆయన పాఠశాల నడపెను. ఉద్రేకమును గోరిన పలువురు అనుచరులు ఆయనను విడిచిపోయిరి. 1877లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఆస్తి నియమము 1858లోను, బహిరంగ ఓటింగు 1872లోను తొలగినవి. సభ్యులకు 1911లో జీతమేర్పడెను. 1928లో స్త్రీలకు పురుషులతో సమానముగ ఓటు లభించెను. ఏటేట ఎన్నికలు తప్ప తక్కిన కోరికలన్నియు క్రమముగ చట్టములయ్యెను.

1951-52లో భారతదేశమున జరిగిన ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో స్త్రీపురుష భేదము లేక వయోజనులకు రహస్యముగ ఓటు వేయు హక్కు కలిగెను. తిరస్కృతమైన ఆ మహజరులోని సంతకములు వ్యర్థములు కాలేదు. అడుగుట మానని ప్రజలకు కాలమే తోడు నిలుచును.