అల్డో లియోపోల్డు

సారము చచ్చిన భూమిని విడిచి క్రొత్త భూమికై పోవుట లోకవాడుక. అట్టి భూమినే కోరి కొని, దానికి మరల జీవము పోయ యత్నించిన యొక ఆచార్యుని చరిత్రమును మా విద్యార్థులకుఁ జెప్పఁదలఁచితిమి.

అల్డో లియోపోల్డు 1887 జనవరి 11వ తేదీన అమెరికా దేశమున, మిసిసిపీ నదీతీరమందలి బర్లింగ్టను పట్టణములో జన్మించెను. యేలు విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము నభ్యసించి, 1909లో ప్రభుత్వ అటవీశాఖయందుఁ జేరి నైరుతి ప్రాంతమునకుఁ బోయెను. తోడేళ్లను చంపినచో లేళ్లు వృద్ధియగునని తొలుత ఆయనయు నమ్మెను. కాని తోడేళ్లు నశించిన కొండలపై లేళ్లు మితిమీరి, పచ్చని రెమ్మ మిగులకుండ మేసివేయుటఁ జూచి, తన పొరపాటు నెఱింగెను. దానిని దాఁచక తన గ్రంథమున వ్రాసెను.

1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుఁడై, 1935లో విస్కాన్సిన్ నదీతీరమున సుమారు 80 ఎకరముల పొలమును కొనెను. పూర్వపు సేద్యము దాని సారమును పీల్చివేయఁగా ఇసుక మిగిలెను. ఇల్లు కాలిపోయి, కోళ్లశాల యొక్కటే నిలిచియుండెను. ఆయన దానినే బాగుచేసి, సెలవుదినములందు భార్యతోను, ఐదుగురు బిడ్డలతోను అందు బసచేసి, పైన్ మొక్కలు నాటెను. 1936లో వానలు లేక నాటినవానిలో అధికభాగము ఎండిపోయెను. మరుసటి వసంతమున వారు మరల నాటిరి. ఇట్లు ఏటేట నాటిన మొక్కలు పదివేల సంఖ్యను దాటి పెక్కు రెట్లయ్యెను.

క్రమముగా వేళ్లు ఇసుకను గాలికిఁ బోనీయక పట్టియుంచెను. రాలిన ఆకు క్రుళ్లి మన్నై తేమను నిలిపెను. నీడ దొరకఁగా పక్షులును జంతువులును చేరెను. ఏ పువ్వు ఏ దినమునఁ బూచెనో, ఏ పక్షి ఎప్పుడు వచ్చెనో ఆ కుటుంబము వ్రాసి యుంచెడిది. ఆ బిడ్డలలో ముగ్గురు పెద్దవారై అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర పరిషత్తు సభ్యులైరి. భూమి బాగుపడుటయే గాక, బాగుచేసినవారును బాగుపడిరని మా యభిప్రాయము.

1948 ఏప్రిల్ 21వ తేదీన పొరుగు పొలమున గడ్డి అంటుకొనఁగా, ఆర్పఁబోయి, ఆయన గుండెపోటుచేఁ గన్నుమూసెను. వయస్సు 61 సంవత్సరములు. ‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ అను ఆయన గ్రంథము 1949లో వెలువడెను.

విద్యార్థులారా! ఏటేట మన బడి యావరణలో మొక్కలు నాటుచున్నాము. ఎండిన మొక్కను చూచి నిట్టూర్చి పోవువారే పెక్కురు. ఆ గుంటలోనే మరల నాటి, వేసవి దాటువఱకు నీరు పోయువారు మీలోనుండి రావలెనని మేము కోరుచున్నాము.