జాన్ న్యూటను

మన యాటస్థలమునఁ దిట్టు వినఁబడని దినము అరుదు. కావున ఈ యేఁడు జాన్ న్యూటను చరిత్రము చెప్పఁదలఁచితిమి.

ఇతఁడు 1725వ సంవత్సరమున లండనులో నొక ఓడ నాయకునికి జన్మించెను. ఏడేండ్లు నిండకమునుపే తల్లి గతించెను. 11వ యేట తండ్రివెంట సముద్రమెక్కెను. అక్కడ నతఁడు బాగుగా నేర్చిన విద్య దూషణము. ఉన్న బూతులు చాలక క్రొత్తవి కల్పించెడివాఁడు. మోటు నావికులే రోసిరి.

1748 మార్చిలో తుపానుచే ఓడ చెక్కలూడి నీరు జొరఁబడెను. గంటలకొలఁది నీరు తోడుచు నతఁడు చాలకాలమునకు దేవునిఁ దలఁచెను. నాఁటితో దుర్భాష మానెను. వట్టిగా మానిన నోరు ఊరకుండునా? తానే ఓడ నాయకుఁడైన పిమ్మట తీరికవేళల బైబిలు చదివెను, లాటిను భాష స్వయముగా నేర్చెను, ఆదివారములందు నావికులఁ జేర్చి ప్రార్థన నడపెను.

ఇచ్చట మేమొకటి దాఁచము. అవి బానిసలను గొనిపోవు ఓడలు. పైన ప్రార్థన సాగుచుండ, క్రిందియరలో ఆఫ్రికా జనులు సంకెళ్లలో నుండిరి. నోరు త్వరగా మారెను గాని, నలుగురును మెచ్చు వర్తకము పాపమని తెలియుటకు ఏండ్లు పట్టెను. 1754లో సముద్రయానము విడిచినదియు జబ్బుచేతనే. 1764లో ఓల్నీలో గురువయ్యెను. 1788లోఁ గాని తాను చూచినదియు చేసినదియు సిగ్గువిడిచి పుస్తకముగాఁ బ్రకటింపలేదు. పిదప పార్లమెంటువారి యెదుట సాక్ష్యమిచ్చెను.

1807 మార్చిలో ఆ వర్తకమును నిషేధించు చట్టము పుట్టెను. ఆ డిసెంబరులోనే న్యూటను, చూపు దాదాపుగాఁ బోయినవాఁడై, 82వ యేట గతించెను.