కాశీయాత్రా చరిత్రకర్త ఏనుగుల వీరాస్వామయ్యగారు



అతిథి సత్కారము మన ధర్మములలో మిన్న. అయినను, ఆ యతిథికి మార్గమున నెంత వ్యయమగును, ఆ ద్రవ్య మెవరిఁ జేరును, ఎచ్చట నీరు దొరకును, ఎచ్చట నీడ గలదు అని విచారించి వ్రాసిన పెద్దలు మిక్కిలి యరుదు. నేఁడు విశ్వవిద్యాలయములలో పర్యాటక ఆర్థికశాస్త్రమనియు, ఆతిథ్య నిర్వహణమనియు ఆచార్యులు పరిశోధించుచున్న విషయములను 1830వ సంవత్సరముననే తెలుఁగున వ్రాయఁబూనిన మహనీయులు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరు 1780వ సంవత్సర ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జనించిరి. తండ్రి సామయమంత్రిగారు. బాల్యముననే పితృవియోగము ప్రాప్తించినను ధైర్యము విడువక, స్వయంకృషిచే నాంగ్లభాష నభ్యసించి, చిన్ననాఁటనే కొలువునఁ బ్రవేశించి, క్రమముగా చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషి పదవి నధిష్ఠించిరి. ఒకరి మాటను వేఱొకరికి హెచ్చుతగ్గులు లేక తెలుపుటయే వారి వృత్తి. ఆ గుణమే వారి గ్రంథమునకుఁ బ్రాణమైనది.

1830 మే 18వ తేదీన వీరు సపరివారముగా కాశీయాత్రకు బయలుదేఱిరి. అప్పటికి మన దేశమున ధూమశకటములు లేవు. పల్లకీలు, బోయీలు, వంటవారు, బంట్రోతులు కలిసి పెద్ద పరివారము. అందఱి యన్నోదకముల భారమును వారిదే. తిరుపతి, కడప, శ్రీశైలము దర్శించి హైదరాబాదు చేరి, యచ్చటనుండి మన బాన్సువాడకుఁ దూర్పుననున్న కామారెడ్డి మీదుగా నిర్మల, నాగపురములు గడచి ప్రయాగ, కాశీ క్షేత్రములు సేవించిరి. గయ, కలకత్తా, జగన్నాథముల మీఁదుగా సముద్రతీర మార్గమునఁ దిరిగివచ్చి 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరిరి. పదునైదు మాసములకుఁ బైఁబడిన ప్రయాణ మది.

దేవాలయములను వర్ణించి యూరకుండినచో వారిని నేఁడు స్మరింపఁ బనిలేదు. మజిలీకి మజిలీకి దూరమెంత, బాట యెట్టిది, ఊర నంగళ్లు గలవా, జలము మంచిదా, దిగుటకు సత్రమో చావడియో గలదా, ఏ సీమ నాణెము ఏ సీమలోఁ జెల్లును, సుంకము లెచ్చట నెట్లు గైకొందురు అను సంగతుల నెల్ల వ్రాసిరి. ప్రయాగ, గయ, జగన్నాథములలో నాఁడు కుంపిణీవారు యాత్రికులవలనఁ బన్ను గైకొనుచుండిరి. భక్తుని పుణ్యకాంక్ష సర్కారునకు రాబడి యగుట వీరు కన్నులారఁ జూచిరి. ఆ పన్ను 1840లో రద్దయినది గాని, చూచుటకు వీరు జీవించి యుండలేదు.

ఈ వృత్తాంతమును వారు మార్గమునుండియే తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపుచుండిరి. 1836లో వీరాస్వామయ్యగారు పరమపదించిరి. గ్రంథ మచ్చున వెలువడుట వారు చూడలేదు. 1838లో దానిని ముద్రింపించి లోకమున కందించినవారు ఆ శ్రీనివాసపిళ్ళగారే. పిమ్మట 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించిరి.

సంఘసభలో ఒక మాట దాఁపక చెప్పవలసియున్నది. శ్రీనివాసపిళ్ళగారు మన కులమువారు కారు. మనవాఁడని మనము గర్వించు మహనీయుని కీర్తిని నిలిపినది మన సంఘము గాదు, ఒక పరకులీనుని స్నేహము. కావున వీరాస్వామయ్యగారిని మనవారని చెప్పుకొనుట మాత్రమునఁ జాలదు. సత్రమునకు ధనమిచ్చు దాతలు తమ పేరు చెక్కిన శిలాఫలకముతోఁ దృప్తినొందక, అందు నీరున్నదా, బాటసారి వలన నధికముగా గుంజుచున్నారా, దిగువాఁడు ఏ కులమువాఁడైనను నీడ దొరకుచున్నదా యని యేఁట నొకసారియైన స్వయముగా విచారింతురు గాక. వీరాస్వామయ్యగారికి మనము చేయఁదగిన తర్పణ మదియే.