సూర్యుడి నడకను రాతి మీద కొలిచిన సుల్తాన్ ఉలుగ్‌బేగ్

తైమూర్ మనవడు అనగానే కత్తి, గుర్రం, దండయాత్రలే గుర్తుకొస్తాయి. కానీ మీర్జా ముహమ్మద్ తరాగాయ్ పేరు యుద్ధాలతో కాదు, నక్షత్రాల పట్టికతో నిలిచింది. లోకానికి ఆయన ఉలుగ్‌బేగ్‌గా తెలుసు. అంటే గొప్ప ప్రభువు అని అర్థం.

ఆయన 1394లో పర్షియాలోని సుల్తానియాలో పుట్టారు. తండ్రి షారుఖ్ రాజధానిని హెరాత్‌కు మార్చుకుని, 1409లో సమర్కంద్ పాలనను కొడుకు చేతికిచ్చారు. అప్పటికి ఉలుగ్‌బేగ్ వయసు 15 ఏళ్లే. పాలన ఒక పక్క సాగుతున్నా మనసంతా లెక్కల మీదే. 1417లో రెగిస్తాన్ మైదానంలో మదర్సా కట్టడం మొదలుపెట్టారు. దీనీ చదువులతో పాటు గణితం, ఖగోళశాస్త్రం కూడా అక్కడ చెప్పించారు. గురువు ఖాజీజాదా రూమీ, కాషాన్ నుంచి వచ్చిన జంషీద్ అల్‌కాషీ లాంటి ఉద్దండులు ఆయన చుట్టూ చేరారు. సుల్తాన్ గుర్రం మీద వెళుతూనే సూర్యుడి స్థానాన్ని మనసులో లెక్కగట్టేసిన సంగతిని అల్‌కాషీ తన తండ్రికి రాసిన ఉత్తరంలో ఆశ్చర్యంగా చెప్పుకున్నారు.

అప్పట్లో పండితుల చేతుల్లో ఉన్న నక్షత్ర పట్టికల్లో చాలావరకు వెయ్యేళ్లకు పైబడిన టాలెమీ లెక్కలే. కాలానికి తగ్గట్టు కొంత కలిపి మళ్లీ రాసుకుంటూ వచ్చారు. తప్పులు అలాగే ఉండిపోయాయి. పాతది దిద్దడం కాదు, ఆకాశాన్ని మళ్లీ మొదటి నుంచి కొలవాల్సిందేనని ఉలుగ్‌బేగ్ తేల్చుకున్నారు. 1420ల్లో సమర్కంద్ శివారు గుట్ట మీద మూడంతస్తుల రసద్‌గాహ్, అంటే నక్షత్రశాల, లేచింది.

దాని గుండెకాయ ఫఖ్రీ సెక్స్‌టెంట్. చేత్తో పట్టుకునే పరికరం కాదది, భవనమంత పరికరం. ఉత్తర దక్షిణాలుగా కట్టిన పెద్ద వంపు. దాని వ్యాసార్థం దాదాపు 40 మీటర్లు. కింది భాగం కొండరాతిని తొలిచిన కందకంలో ఉంటుంది. వంపు పొడవునా పాలరాతి పలకలు, వాటి మీద డిగ్రీల గీతలు, పక్కనే ఎక్కి దిగేందుకు మెట్లు. మధ్యాహ్నం సరిగ్గా సూర్యుడు నడినెత్తి గీతను దాటేటప్పుడు పైనున్న చిన్న రంధ్రంలోంచి వెలుగు చీకట్లోకి దిగి పాలరాతి మీద గుండ్రంగా పడుతుంది. పండితులు మెట్ల మీద నిలబడి ఆ వెలుగు బిళ్ల నడిమధ్యను గుర్తు పెట్టుకునేవారు.

ఇంత పెద్దది ఎందుకంటే, ఆకాశంలో కంటికి ఆనని తేడా రాతి మీద చేతికి తగలాలి. ఈ వంపు మీద ఒక డిగ్రీ అంటే సుమారు 70 సెంటీమీటర్లు. డిగ్రీలో 60వ వంతు కూడా సెంటీమీటరు దాటుతుంది. చలికాలం నుంచి ఎండాకాలానికి వచ్చేసరికి వెలుగు బిళ్ల 32 మీటర్లకు పైగా జరుగుతుంది. రుతువులు మారడానికి కారణమైన వాలును కంటితో చూడలేం. ఇక్కడ మాత్రం దాన్ని అడుగులేసి కొలవొచ్చన్నమాట. ఆ వాలును వాళ్లు 23 డిగ్రీల 30 నిమిషాల 17 సెకన్లుగా తేల్చారు. ఆనాటి అసలు విలువకూ దీనికీ తేడా ఆ రాతి మీద చూస్తే 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అంతే. నక్షత్రాలను బట్టి చూసే ఏడాది పొడవులో వాళ్ల లెక్క నేటి లెక్క కంటే ఒక నిమిషంలోపే ఎక్కువ. దుర్భిణి అప్పటికింకా పుట్టనే లేదు!

1437 నాటి జీజ్-ఎ-సుల్తానీలో 1018 నక్షత్రాల స్థానాలు చేరాయి.

కానీ ఆకాశం లెక్క దొరికినంత తేలిగ్గా ఇంటి లెక్క దొరకలేదు. 1447లో షారుఖ్ చనిపోగానే వారసత్వ పోరు మొదలైంది. చిన్న కొడుకు మీదే తండ్రికి ప్రేమ ఎక్కువని పెద్ద కొడుకు అబ్దుల్ లతీఫ్ మనసులో కసి పెంచుకుని తిరగబడ్డాడు. ఓడిపోయిన ఉలుగ్‌బేగ్ హజ్‌కు బయల్దేరారు. దారిలోనే, 1449 అక్టోబరులో, కొడుకు ఆజ్ఞతో ఆయన తల నరికేశారు. ఆ కొడుకూ ఏడాది తిరగకుండానే హతమయ్యాడు.

శిష్యుడు అలీ ఖుష్జీ ఆ విద్యను తర్వాత ఇస్తాంబుల్‌కు మోసుకెళ్లారు. 1665లో ఆ నక్షత్ర పట్టిక ఆక్స్‌ఫర్డ్‌లో లాటిన్‌లో అచ్చయింది. 18వ శతాబ్దంలో సవాయ్ జైసింగ్ ఉలుగ్‌బేగ్ పట్టికను ఆధారం చేసుకునే మొఘల్ చక్రవర్తి ముహమ్మద్ షా పేరిట జీజ్ తయారు చేయించారు. జైపూర్ జంతర్ మంతర్‌లోని షష్ఠాంశ యంత్రం చీకటి గదిలోనూ రంధ్రంలోంచి దిగే వెలుగే సూర్యుడి ఎత్తును చెబుతుంది.

బాబర్ తన ఆత్మకథలో సమర్కంద్‌లోని ఆ మూడంతస్తుల నక్షత్రశాలను ప్రస్తావించారు. తర్వాత అది నేలమట్టమై, ఎక్కడుందో కూడా జనం మర్చిపోయారు. 1908లో రష్యన్ పురావస్తు పరిశోధకుడు వ్యాత్కిన్ ఒక పాత వక్ఫ్ పత్రంలోని హద్దుల ఆధారంగా తవ్వితే కందకంలోని పాలరాతి వంపు బయటపడింది. 1941లో గోర్-ఎ-అమీర్‌లోని సమాధి తెరిచినప్పుడు మెడ ఎముక మీద కత్తి వేటు కనిపించింది. షహీద్‌లను ఖననం చేసినట్టే ఆయన్ని ఒంటి మీది బట్టలతోనే ఖననం చేశారని కూడా అప్పుడే తెలిసింది.

పైకి లేచిన గోడలన్నీ కూలిపోయాయి. నేలలోకి తవ్విన వంపు మాత్రం డిగ్రీల గీతలతో సహా ఇప్పటికీ సమర్కంద్‌లో ఉంది.