కలము పట్టిన కూలివాడు: ప్రేమ్‌చంద్ జీవితము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు, లెక్కలు వ్రాయు చేతికి చరిత్ర వ్రాయు పని ఎట్లు పొసగునని కొంత సంకోచించితిని. తుదకు ప్రేమ్‌చంద్‌ను ఎన్నుకొంటిని. అందుకు కారణములు రెండు. మన బీరువాలలోని పుస్తకములలో మిక్కిలి నలిగిన అట్టలు ఆయన నవలల తెలుగు అనువాదములవే. ఇది మొదటి కారణము. ఆయన తాతగారు గ్రామ పట్వారీ, అనగా ఒకప్పటి మన కరణమువంటి ఉద్యోగి. ఇది రెండవది. తాత భూముల లెక్క వ్రాసెను; మనుమడు ఆ భూములను దున్నువారి కష్టముల లెక్క వ్రాసెను.

కథలు వ్రాయువాని బ్రతుకు తీరికతో గూడినదని, మనసు పుట్టినప్పుడు కలము పట్టి, పుట్టనప్పుడు వాలుకుర్చీలో విశ్రమించు భోగమని మనలో పలువురి తలంపు. ప్రేమ్‌చంద్ దినచర్యను ఎరిగినవారికి ఆ తలంపు నిలువదు.

ఆయన 1880 జూలై 31వ తేదీన కాశీకి సమీపముననున్న లమహీ గ్రామమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు ధనపతరాయ్. పేరున ధనమున్నది గాని యింట లేదు. తండ్రి తపాలా గుమాస్తా. చిన్ననాటనే తల్లి గతించెను. పదునైదవ యేట వివాహము జరిగెను. 1897లో తండ్రియు గతించుటతో సవతితల్లి, తమ్ముడు, భార్య, ఇందరి భారము ఆ బాలునిపై బడెను.

చదువుటయందు ఆయనకుండిన దాహము ఆశ్చర్యకరమైనది. గోరఖ్‌పూర్‌లో విద్యార్థిగా నుండగా, ఒక పుస్తక వర్తకుని యొద్దనుండి పరీక్షలకు పనికివచ్చు పుస్తకములు తీసికొని పాఠశాలలో అమ్మిపెట్టి, ప్రతిఫలముగా ఆ అంగడిలోని నవలలను ఇంటికి గొనిపోయి చదువుచుండెను. మన గ్రంథాలయమువంటిది ఆ బాలునికి దొరకలేదు. చందాకు బదులు ఆయన తన శ్రమను చెల్లించెను. తరువాత కాశీలో ఒక న్యాయవాది కుమారునికి నెలకు 5 రూపాయలకు చదువు చెప్పుచు, అందులో సగమునకు తక్కువ కాకుండ ఇంటికి పంపుచుండెను. ఒకనాడు చేతిలో పైసా లేక, 2 రూపాయలకు కొనిన గణిత పుస్తకమును 1 రూపాయికి అమ్ముకొనుటకు అంగడికి పోయెను. అచ్చటనే ఒక ప్రధానోపాధ్యాయుడు తారసపడి, తన పాఠశాలలో నెలకు 18 రూపాయల ఉద్యోగ మిచ్చెను. ఇది 1899వ సంవత్సరపు మాట. మరుసటి యేడు ఆయన ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశించెను.

పగలు పాఠములు, తెల్లవారుజామునను రాత్రులందును రచన: ఇట్లు ఆయన సాహిత్య జీవితము మొదలయ్యెను. తొలుత నవాబ్‌రాయ్ అను పేరుతో ఉర్దూలో వ్రాసెను. 1906లో శివరానీదేవి అను బాలవితంతువును ద్వితీయ వివాహమాడెను. వితంతు వివాహము నాటి సంఘమున ఎంత సాహసమో, వీరేశలింగము పంతులుగారి చరిత్ర ఎరిగిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

1908లో ఆయన తొలి కథల సంపుటము సోజే వతన్ వెలువడెను. దేశభక్తి నిండిన ఆ కథలను ప్రభుత్వము రాజద్రోహముగా నెంచెను. అప్పటికి ఆయన హమీర్‌పూర్ జిల్లాలో పాఠశాలల తనిఖీ ఉద్యోగి. కలెక్టరు పిలిపించి మందలించి, మిగిలిన ప్రతులను తెప్పించి తగులబెట్టించెను. ఇకమీదట ఏమి వ్రాసినను ముందుగా చూపి అనుమతి పొందవలెనని ఆజ్ఞ. జీతమిచ్చు చేయియే కలమును బిగబట్టెను. ఆ చిక్కునుండి తప్పుకొనుటకు కాన్పూరులోని మిత్రుడు, జమానా పత్రికా సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచించిన కొత్త పేరే ప్రేమ్‌చంద్. తనిఖీలకై ఊరూర తిరుగుచుండగా సంక్రమించిన ఉదరవ్యాధియు ఆయనను జీవితాంతము విడువలేదు.

1921 ఫిబ్రవరి నెలలో గాంధీ మహాత్ముడు గోరఖ్‌పూర్ వచ్చి ఉపన్యసించెను. ప్రభుత్వోద్యోగములు విడువుడని పిలుపు. ప్రేమ్‌చంద్‌కు అప్పటికి ఇరువది యేండ్లు మించిన సర్వీసు గలదు. శరీరము జబ్బుది. ఇంట చిన్నపిల్లలు, భార్య నిండు మనిషి. భార్యాభర్తలు కొన్నిదినములు తర్కించుకొనిరి. శివరానీదేవి తుదకు ధైర్యము చెప్పెను. అదే నెలలో ఆయన రాజీనామా నిచ్చెను. ఏ ఇల్లాలైనను ఆ మాట అనుటకు ముందు వంటయింటి డబ్బాలను ఒకమారు చూచుకొని యుండునని నా ఊహ.

అటుపిమ్మట ఆయన దినచర్య యెట్టిదో చూడుడు. తెల్లవారకముందే లేచును. కొంతదూరము నడచివచ్చి, ధోవతియు బనియనుతో, నేలపై పరచిన చాపమీద చిన్న బల్ల ముందు కూర్చుండును. క్రొత్త నవలకు ముందుగా ఇంగ్లీషులో పాత్రల పేర్లును, కథ నడచు క్రమమును సంగ్రహముగా వ్రాసికొనును. పిదప ఉర్దూలోనో హిందీలోనో విస్తరించును. స్ఫూర్తి కొరకు ఎదురుచూచుట ఆయనకు తెలియదు. పొలమునకు పోవు రైతు నేడు మనసు బాగుగ నున్నదా యని ప్రశ్నించుకొనడు గదా! తాను కూలివాడననియు, ఒకనాడు వ్రాయనిచో ఆనాటి అన్నమునకు తనకు హక్కులేదనియు ఆయన భావించుచుండెను. పిల్లలు ప్రక్కన ఆడుకొనుచున్నను కలము ఆగెడిది కాదు. స్నాన భోజనముల తరువాత కార్యాలయము. అచ్చట అచ్చుచిత్తులు దిద్దుట, ఉత్తరములకు జవాబులు, కాగితపు వర్తకుని బాకీలు, పనివారి జీతములు. సాయంకాలము ఇల్లు, మిత్రులు వచ్చినచో వీధివరకు వినబడు నవ్వు, మరల దీపము ముందు పని. ఈ విధముగా ఆయన సుమారు 300 కథలను, పదికి మించిన నవలలను వ్రాసెను.

ఇంత శ్రమించినను అప్పు తీరలేదేల? దానికి కారణము ఆయన స్వాతంత్ర్యేచ్ఛయే. పరుల అచ్చుయంత్రముపై ఆధారపడరాదని 1923లో కాశీలో సరస్వతీ ముద్రణాలయమును స్థాపించెను. అది నష్టమునే తెచ్చెను. ఆ నష్టమును పూడ్చుటకు లక్నోలో మాధురి పత్రికకు సంపాదకత్వము వహించెను. 1930 మార్చిలో హంస అను మాసపత్రికను తానే ప్రారంభించెను. ఆ యేడే ప్రభుత్వము ధరావతు కోరెను. అదే యేడు శివరానీదేవి విదేశీ వస్త్ర బహిష్కారోద్యమమున జైలుకు పోయెను. 1932లో జాగరణ్ అను వారపత్రికయు ఆయన నెత్తిపై బడెను. నవలలు గడించినదానిని పత్రికలు తినివేయుచుండెను.

చలికోటు కుట్టించుకొమ్మని శివరానీదేవి రెండుమారులు డబ్బు చేతికిచ్చెను. రెండుమారులును ఆయన ఆ డబ్బును ముద్రణాలయపు పనివారికి పంచి, ఒట్టి చేతులతో ఇంటికి వచ్చెను. అయినను జీతములు సకాలమున అందక ఆ పనివారే ఒకప్పుడు సమ్మె కట్టిరి. కూలివారి పక్షమున వ్రాసిన రచయిత తన కూలివారికే బాకీపడెను. ఈ సంగతిని దాచుట ఆయనకు గౌరవము కాదు. ఆ బాధను ఆయన యెరుగును.

అప్పులు తీర్చు తలంపుతో 1934లో బొంబాయికి పోయి, సంవత్సరమునకు 8,000 రూపాయల ఒడంబడికపై ఒక చలనచిత్ర సంస్థలో కథారచయితగా చేరెను. మిల్లు కార్మికుల బ్రతుకుపై ఆయన వ్రాసిన మజ్దూర్ చిత్రమును బొంబాయిలో నిషేధించిరి. తాను వ్రాసినది ఇతరుల అభిరుచికై మారిపోవుట ఆయనకు సహింపరానిదయ్యెను. ఆ యేడు డిసెంబరులో హిందీ ప్రచార సభవారి ఆహ్వానముపై మద్రాసునకును వచ్చెను. గడువు నిండకముందే, 1935 ఏప్రిలులో బొంబాయి విడిచి, మరల కాశీకి, ఆ చాపకు, ఆ చిన్న బల్లకు తిరిగివచ్చెను.

అచ్చట ముగించినదే గోదాన్. ఒక్క ఆవును సంపాదింపగోరి, అప్పులలో క్రుంగి, రోడ్డుపనిలో కూలియై ప్రాణము విడిచిన హోరీ కథను మన పాఠకులకు చెప్పనక్కరలేదు. అప్పు రుచి యెరిగిన చేయి వ్రాసినది గనుకనే అది మన యింటి కథవలె నుండును. 1936లో ఆ నవల వెలువడిన కొలది దినములకే ఆయన మంచము పట్టి, నెత్తురు కక్కుకొనెను. నిద్రరాని రాత్రులందు లేచి మంగళసూత్ర అను నవలను వ్రాయుచుండెను. అది అసంపూర్ణముగనే నిలిచెను. అప్పటికి హంస ఒక సాహిత్య పరిషత్తు నిర్వహణలో నుండెను. ప్రభుత్వము మరల ధరావతు కోరగా పరిషత్తువారు పత్రికను ఆపివేయ నిశ్చయించిరి. ప్రేమ్‌చంద్ మంచముపైనుండియే దానిని తిరిగి తన చేతికి తీసికొని, 1,000 రూపాయల ధరావతు చెల్లింపజేసెను. 1936 అక్టోబరు 8వ తేదీన తన 56వ యేట కాశీలో కన్నుమూసెను.

నేను ముప్పది యేండ్లుగా చిట్టా ఆవర్జాలు వ్రాయుచున్నవాడను. హంస పత్రిక లెక్క నా యెదుటికి వచ్చియుండినచో, దీనిని మూసివేయుడని నిస్సంకోచముగా చెప్పియుందును. అప్పుచేసి మందు తెచ్చుకొనువలసిన మనిషి అప్పుచేసి పత్రికను బ్రతికించుట ఏ లెక్కకును అందదు. శివరానీదేవికిని పిల్లలకును ఆ నష్టము నిజమైన నష్టమే. దానిని తీపిమాటలతో కప్పరాదు. అయినను, అనుమతి కోరకుండ తన మాటను తాను అచ్చువేసికొను హక్కునకు ఆయన చెల్లించిన వెల అది. కలెక్టరు ముందు తన పుస్తకములు కాలుట చూచినవాడు ఆ వెల హెచ్చని తలంపలేదు.

కావున చందాదారులారా, ఒక విన్నపము. మనము ఇంటికి గొనిపోవు ప్రతి పుస్తకము వెనుక ఎవరో ఒకరి తెల్లవారుజాములు ఉన్నవి. పుస్తకమును గడువులో తిరిగి యిండు. పుటల మూలలు మడవకుడు. సంవత్సరమున కొక్క పుస్తకమైనను వెలయిచ్చి కొనుడు. కలము పట్టిన కూలివానికి పాఠకు డీయగల కూలి అదియే. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతాబ్ది ఉత్సవమును జరుపుకొనుగాక!