కాలువ వెంట పుస్తకాలు పంపిన సేవామూర్తి పాతూరి నాగభూషణం

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

తెనాలి, నవంబరు 14: ప్రతి సంవత్సరం నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నిర్వహించడం ఆనవాయితీ. తెనాలి, బాపట్ల, రేపల్లె శాఖా గ్రంథాలయాల వంటి చోట్ల ఈ వారంలో పుస్తక ప్రదర్శనలు, విద్యార్థులకు వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, కవి సమ్మేళనాలు ప్రజలందరికీ ఉచితంగా ఏర్పాటు చేయడం పరిపాటి. రుసుము లేకుండా ఎవరైనా వచ్చి కూర్చుని చదువుకొనే ఈ వసతి నేడు సర్వసాధారణంగా కనిపిస్తుంది. దీని వెనుక ఒక తరం త్యాగం ఉన్నది. ఆ తరంలో ఈ ప్రాంతపు మట్టిలో పుట్టి, గ్రంథాలయ సేవకే జీవితాన్ని అంకితం చేసిన మహనీయుడు శ్రీ పాతూరి నాగభూషణం. ఈ వారోత్సవాల వేళ ఆయనను స్మరించుకోవడం సముచితం.

జననం - నేపథ్యం

శ్రీ నాగభూషణం 1907లో గుంటూరు జిల్లా, నేటి దుగ్గిరాల మండలంలోని పెదపాలెం గ్రామంలో జన్మించారు. తెనాలికి చేరువనున్న ఈ గ్రామం కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉన్నది. ఆయన బాల్యం గడిచిన సంవత్సరాలలోనే ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం రూపుదిద్దుకొన్నది. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారి భాషకు, చదువుకు, పరిపాలనకు ఒక గుర్తింపు కావాలన్న ఆకాంక్షకు ఆ సభ వేదికగా నిలిచింది. ఆ మరుసటి సంవత్సరమే, అనగా 1914 ఏప్రిల్ 10న, శ్రీ అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆవిర్భవించింది. 1918లో నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో సారస్వత నికేతనం ఏర్పడింది. 1929లో ఆ గ్రంథాలయ నూతన భవనానికి మహాత్మాగాంధీ శంకుస్థాపన చేశారు. 1919 నవంబరు 14న మద్రాసులో జరిగిన అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ నిర్వహణలో ఆంధ్రులు ప్రముఖ పాత్ర వహించారు. ఈ వారోత్సవాలు ఆరంభమయ్యే తేదీని గ్రంథాలయ సేవకులు ఆ సభతో ముడిపెట్టి స్మరించుకొంటారు.

ఈ వాతావరణమే శ్రీ నాగభూషణాన్ని తీర్చిదిద్దింది. జాతీయోద్యమ స్ఫూర్తి, గ్రామసేవా దృష్టి, అక్షర వ్యాప్తి ఆయనలో ఒకే ఆశయంగా కలసిపోయాయి.

చదువు రానివారికి గ్రంథాలయం

1931 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యులు పదిమందిలో ఒకరికి మించలేదు. అటువంటి కాలంలో గ్రామంలో పుస్తకాల బీరువా తెరచినంత మాత్రాన ఎవరికి ప్రయోజనమన్న ప్రశ్న సహజం. గ్రంథాలయోద్యమ కార్యకర్తలు ఈ ప్రశ్నకు ఆచరణలోనే సమాధానం చెప్పారు. అక్షరం వచ్చిన ఒకరు పత్రిక చదువుతుంటే చుట్టూ కూర్చున్నవారు వినే ఏర్పాటు చేశారు. రాత్రి పాఠశాలలు నడిపారు. పురాణ కాలక్షేపాలు, హరికథలు, ఉపన్యాసాలు గ్రంథాలయ ఆవరణలోనే జరిపించారు. నేడు గ్రంథాలయాలలో ఉచిత కార్యక్రమాలని మనం వ్యవహరించే వాటికి మూలాలు ఇక్కడే ఉన్నవి. గ్రంథాలయం చదువుకొన్నవారి విశ్రాంతి మందిరం కారాదనీ, చదువుకు దూరమైనవారికి తొలి మెట్టు కావాలనీ శ్రీ నాగభూషణం విశ్వసించారు. వయోజన విద్యను గ్రంథాలయ సేవ నుంచి వేరుచేసి ఆయన ఏనాడూ చూడలేదు.

పడవ గ్రంథాలయం

శ్రీ నాగభూషణం పేరు చెప్పగానే స్ఫురించేది పడవ గ్రంథాలయం. 1855లో విజయవాడ వద్ద కృష్ణా నదిపై ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాలో తవ్విన కాలువలు సాగునీటితో పాటు రవాణాకూ ఆధారమయ్యాయి. ధాన్యం, కలప, ఉప్పు, ప్రయాణికులు పడవల మీదనే సాగేవారు. వర్షాకాలంలో నల్లరేగడి బాటలు బురదలో కూరుకుపోయినప్పుడు కాలువ గట్టు గ్రామాలకు పడవే దిక్కు. ఊరూరా గ్రంథాలయం నెలకొల్పే ధనం లేదు. ఉన్న కొద్ది పుస్తకాలు ఒకే గ్రామంలో ఉండిపోతే పొరుగు గ్రామానికి అందవు. ఈ చిక్కుకు శ్రీ నాగభూషణం కాలువలోనే పరిష్కారం చూశారు.

1935 అక్టోబరులో ఆయన పడవ గ్రంథాలయానికి శ్రీకారం చుట్టారు. పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువ మార్గంలో ఈ పడవ పుస్తకాలను మోసుకొని తిరిగింది. గట్టు గ్రామాలవారు తమ ఊరి రేవులోనే పుస్తకాలు అందుకొనే అవకాశం కలిగింది. నేటి జిల్లాల లెక్కన ఈ మార్గం గుంటూరు జిల్లాలో ఆరంభమై, 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని కొల్లూరు వరకు సాగుతుంది.

పాఠకుని వద్దకే పుస్తకాన్ని పంపాలన్న ఆలోచన అప్పటికే దేశంలో మరికొన్ని చోట్ల అమలులోకి వచ్చింది. బరోడా సంస్థానంలో పుస్తకాల పెట్టెలను గ్రామాలకు పంపే సంచార గ్రంథాలయ పద్ధతి ఉండేది. తమిళనాట మన్నార్‌గుడి ప్రాంతంలో 1931లో ఎద్దుల బండిపై గ్రంథాలయం బయలుదేరింది. అదే సంవత్సరం ఆచార్య ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు ప్రకటించి, ప్రతి పాఠకునికీ అతని పుస్తకం అందాలని నిర్దేశించారు. బరోడాలో రాజాదరణ వెన్నుదన్నుగా నిలిచింది. పెదపాలెం పడవకు ఏ సంస్థానమూ అండగా లేదు. గ్రామీణుల సహకారం, కార్యకర్తల శ్రమ మాత్రమే దానికి పెట్టుబడి. ఈ ప్రయత్నం విశిష్టత ఇందులోనే ఉన్నది.

దాని పరిమితి కూడా ఇందులోనే ఉన్నది. కాలువకు నీరు కట్టివేసిన రోజులలో పడవ సాగదు. చందాలు తగ్గిన సంవత్సరం కొత్త పుస్తకం రాదు. కార్యకర్త జైలుకు వెళ్లినా, మంచాన పడినా సేవ ఆగిపోతుంది. దాతృత్వంపై ఆధారపడిన గ్రంథాలయం ఎంత ఉత్తమమైనదైనా దాని మనుగడకు హామీ లేదన్న సత్యాన్ని ఆ తరం అనుభవపూర్వకంగా గ్రహించింది.

చట్టం - శిక్షణ

కనుకనే గ్రంథాలయ చట్టం కావాలని ఉద్యమ నాయకులు దీర్ఘకాలం కోరుతూ వచ్చారు. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం రూపొందింది. స్వతంత్ర భారతంలో ఇటువంటి చట్టాలలో ఇదే మొదటిది. రాష్ట్రావతరణ అనంతరం 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. జిల్లా గ్రంథాలయ సంస్థలకు, స్థానిక సంస్థలు ఆస్తి పన్నుతో పాటు వసూలు చేసే గ్రంథాలయ పన్నుకు ఈ చట్టమే ఆధారం. రూపాయి పన్నుకు 8 పైసల చొప్పున ప్రతి గృహ యజమానీ చెల్లించే ఈ మొత్తంతో, అద్దె ఇంటివాని బిడ్డ కూడా ఉచితంగా పత్రిక చదువగలుగుతున్నాడు. నాడు పడవకు చందా ఇచ్చిన గ్రామస్థుని స్థానంలో నేడు పన్ను చెల్లించే పౌరుడున్నాడు.

చట్టంతో భవనం వస్తుంది, నిధి వస్తుంది. గ్రంథాలయాన్ని నడిపించే మనిషిని మాత్రం తయారు చేసుకోవలసిందేనని శ్రీ నాగభూషణం గుర్తించారు. గ్రంథాలయ సంఘం కార్యదర్శిగా దీర్ఘకాలం సేవలందించిన ఆయన, 1960ల దశకంలో విజయవాడలో గ్రంథాలయ శాస్త్ర శిక్షణాలయం నెలకొనడానికి కారకులయ్యారు. అనంతర కాలంలో ఆ సంస్థ ఆయన పేరిటనే ప్రసిద్ధి పొందింది. సంఘ పత్రిక గ్రంథాలయ సర్వస్వానికి సంపాదకత్వం వహించి, మారుమూల గ్రామంలోని గ్రంథపాలకునికి సైతం వృత్తి విజ్ఞానాన్ని తెలుగులో అందించారు. గ్రంథాలయ, వయోజన విద్యోద్యమాలకు నాయకత్వం వహించిన శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావు స్మృతి చిహ్నంగా విజయవాడ పటమటలో సర్వోత్తమ భవనం వెలసింది. ఇందులోనూ శ్రీ నాగభూషణం కృషి ప్రధానమైనది. తన పేరు కాక పెద్దల పేరు నిలపడం ఆయన స్వభావానికి నిదర్శనం.

1987లో శ్రీ పాతూరి నాగభూషణం పరమపదించారు. అప్పటికి డెల్టా కాలువలపై పడవల రాకపోకలు దాదాపు అంతరించి, రహదారులే ప్రధాన మార్గాలయ్యాయి.

నేటికి సందేశం

నేడు గ్రంథాలయాలలో పోటీ పరీక్షలకు చదువుకొనే యువతీయువకులు అధికంగా కనిపిస్తున్నారు. వేసవి సెలవులలో బాలబాలికలకు కథలు చెప్పడం, పుస్తక పఠనం, చిత్రలేఖనం వంటి ఉచిత శిబిరాలు జరుగుతున్నాయి. ఇవి అభినందనీయమైన పరిణామాలు. అయినప్పటికీ గ్రంథాలయానికి వచ్చినవారిని లెక్కించడంతో బాధ్యత తీరదన్నది శ్రీ నాగభూషణం జీవితం నేర్పే పాఠం. రాలేకపోయినవారెవరు, ఎందుకు రాలేకపోయారు అన్నది ఆయన మొదట చూశారు. పొలం పని ముగించుకొని వచ్చేసరికి తలుపులు మూసి ఉండే కూలీ, సాయంత్రం ఇల్లు కదలలేని గృహిణి, చూపు తగ్గిన వృద్ధుడు, లంక గ్రామంలోని బాలిక ఈనాటి కాలువ గట్టు పాఠకులు. వారి కోసం కార్యక్రమాల వేళలు మార్చడం, గ్రంథాలయాన్ని పాఠశాలకు, గ్రామ కూడలికి తీసుకువెళ్లడం అధిక వ్యయంతో కూడిన పనులు కావు.

వారోత్సవాల పోటీలు, బహుమతి ప్రదానాలతో పాటు ఈ విషయంపై కూడా గ్రంథపాలకులు, స్థానిక సంస్థల ప్రతినిధులు దృష్టి సారించడం అవసరం. పౌరుల నుంచి వసూలైన గ్రంథాలయ పన్ను సకాలంలో గ్రంథాలయానికి చేరినప్పుడే ఉచిత సేవ నిజంగా ఉచితమవుతుంది. తమ పరిధిలోని గ్రంథాలయాలలో జరిగే కార్యక్రమాల వివరాలను ముందుగానే ప్రజలకు తెలియజేయడంలో పాత్రికేయుల సహకారం ఎంతో విలువైనది. 1935లో ఆరంభమైన ఆ ప్రయాణాన్ని కొనసాగించడమే శ్రీ పాతూరి నాగభూషణానికి మనమర్పించగల నిజమైన నివాళి.